షుగర్ బిళ్ల లివర్‌కీ పనిచేస్తుందా?

మా చిలకలూరిపేట వైపు లివర్ జబ్బంటే ఇప్పటికీ ఒకటే అర్థం: తాగుతాడని. అందుకే మా బాబాయ్ స్కానింగ్ రిపోర్టు రెండు నెలలు ఎవరికీ చూపించలేదు. పత్తి, మిర్చి వేసే మనిషి. వయసు 52. బీరు కూడా ముట్టడు. షుగర్ మాత్రం ఏడేళ్లుగా ఉంది. రిపోర్టులో ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’. ఫోన్‌లో అడిగాడు: “రోజూ షుగర్ బిళ్ల వేసుకుంటూనే ఉన్నాగా అబ్బాయ్, అది లివర్‌కి పనిచేయదా?”

మంచి ప్రశ్న. జవాబు: ఏ బిళ్ల అన్నదాన్ని బట్టి.

ముందు ఒక మాట. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే రక్తంలో షుగర్ పెరుగుతుంది, లివర్‌లో కొవ్వూ పేరుకుంటుంది. మందు తాగక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆస్పత్రి కలిసి 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించాయి. 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉంది. అంటే ఇది మన గోల కూడా.

ఇక మందులు.

మెట్‌ఫార్మిన్: బాబాయ్ వేసుకునేది ఇదే. షుగర్‌కి మంచి మందు. కానీ లివర్ ముక్క తీసి చూసిన పరీక్షల్లో వాపు, మచ్చలు తగ్గినట్టు తేలలేదు.

పయోగ్లిటజోన్: చవక. లివర్ వాపు తగ్గిస్తుంది. కానీ బరువు పెరుగుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు ఇవ్వరు. 2013లో మన దేశంలో కొన్ని వారాలు అమ్మకం ఆపి, హెచ్చరికతో మళ్లీ అనుమతించారు.

సారోగ్లిటజార్: మన దేశంలోనే, జైడస్ కంపెనీ తయారుచేసింది. 2013లో షుగర్ ఉన్నవాళ్ల కొవ్వు సమస్యకి వచ్చింది. 2020లో లివర్‌కీ ఇక్కడ అనుమతి దొరికింది.

డాపాగ్లిఫ్లోజిన్: షుగర్‌ని మూత్రంలో పంపేస్తుంది. 2020లో పేటెంట్ పోయాక ధర బాగా దిగింది. చైనాలో 154 మందిపై 48 వారాలు చేసిన ట్రయల్‌లో, మందు వాడినవాళ్లలో 53 శాతం మందికి లివర్ మెరుగైంది. ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో 30 శాతం మందికి.

సెమాగ్లూటైడ్: అందరూ మాట్లాడుకునే ఇంజెక్షన్. 2025 ఆగస్టులో అమెరికా దీన్ని లివర్‌కీ అనుమతించింది. అయితే వాపుతో పాటు మచ్చలు మధ్యస్థం నుంచి ముదిరిన దశలో ఉన్నవాళ్లకే. లివర్ పూర్తిగా గట్టిపడిపోతే ఆ అనుమతి వర్తించదు.

కాబట్టి తెలుసుకోవాల్సింది ‘గ్రేడ్’ కాదు, మచ్చలు ఉన్నాయా లేదా అన్నది. దానికి మామూలు రక్తపరీక్షలతోనే ఒక లెక్క ఉంది, పేరు ఫిబ్-4. వయసుని ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్లని వేలల్లో తీసుకుని, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే లివర్ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. 35 ఏళ్ల లోపు వాళ్లకు ఈ లెక్క సరిగా కుదరదు.

బాబాయ్‌వి: ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షలు. 2496ని 1600తో భాగిస్తే 1.56. అందుకే గుంటూరులో ఫైబ్రోస్కాన్ చేయించాం. మచ్చలు తొలి దశలోనే ఉన్నాయి. డాక్టర్ మెట్‌ఫార్మిన్ ఆపకుండా డాపాగ్లిఫ్లోజిన్ కలిపారు. కల్లంలో మిరపకాయలు ఎండబెట్టే రోజుల్లో నీళ్లు బాగా తాగమన్నారు. 80 కిలోల మనిషిని ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గమన్నారు. బరువు 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్ వాపు తగ్గే అవకాశం బాగా పెరుగుతుంది. మందు ఏదైనా ఇది తప్పదు.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే, ఈ ఆదివారం వాళ్ల పాత రిపోర్టులు బయటికి తీయించండి. ఫోన్‌లో లెక్క కట్టండి. మందుల షాపులో సొంతంగా ఏదీ కొనొద్దు. డాక్టర్‌ని ఒక్కటే అడగండి: “ఇప్పుడు వాడే షుగర్ మందు లివర్‌కీ మేలు చేసేదేనా?”