గిటారుకు కొత్త తీగలు



పెద్దాపురం చుట్టుపక్కల పల్లె మందిరాలలో హార్మోనియం, డోలక్కుల పక్కన ఇప్పుడు గిటారు కూడ కనిపిస్తున్నది. కొన్ని సంఘాలలో అది స్త్రీల సమాజము వారు పిడికెడు బియ్యము ఎత్తి కూర్చిన సొమ్ముతో కొన్నది. అందుకే దాని తీగల సంగతి ఈ నెల వ్రాస్తున్నాము.

తెగితేనే తీగ మార్చడము మనవాళ్ల అలవాటు. మన గోదావరి సీమ గాలిలో తేమ ఎక్కువ. దానికి వేళ్ల చెమట తోడైతే ఇనుప తీగ తెగక ముందే తుప్పు పట్టి మూగబోతుంది. అప్పుడు ఒక్కటి మారిస్తే అదొక్కటే ఖంగుమంటుంది, మిగతా ఐదూ నీరసముగా పలుకుతాయి. ఆరూ ఒకేసారి మార్చుట మేలు. తుప్పు పట్టకుండ కొబ్బరినూనె రాసేవారున్నారు. నూనె జుట్టుకే మంచిది. తీగలకు పొడి గుడ్డ చాలు.

అసలు నష్టము జరిగేది కొట్టు దగ్గర. గిటార్లు రెండు రకాలు. తీగలు క్రింద పిన్నులతో బిగించి ఉంటే అది ఇనుప తీగలది. పిన్నులు లేకుండ ముడివేసి, సన్నని తీగలు మూడూ ప్లాస్టిక్కువలె ఉంటే నైలాను తీగలది. (రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు వీటి చోట పశువుల పేగు తీగలుండేవి.) ఇనుప తీగలు ఆరూ కలిసి లాగే బలము సుమారు 70 కిలోలు, అనగా ఇంచుమించు మన ధాన్యపు బస్తా బరువు. నైలాను తీగలది అందులో సగము పైచిలుకు. ఇనుప తీగలు గట్టివి గదా అని నైలాను గిటారుకు బిగిస్తే క్రింది బ్రిడ్జి ఊడి వస్తుంది, పెట్టె ఉబ్బుతుంది. పిడికెడు పిడికెడుగా కూడిన సొమ్ము అట్లు పోకూడదు.

పాత తీగను పూర్తిగా వదులు చేసిన తరువాతనే తీయండి. బిగువు మీద కత్తిరిస్తే కంటికి కొడుతుంది. కొత్త తీగ గుండును రంధ్రములో వేసి, పిన్ను నొక్కి, తీగను పైకి లాగి చూడండి. గుండు లోపల పట్టుకొనవలెను. పైన కీకి రెండు మూడు చుట్లు చాలు. మిగిలిన ముక్కలు పసిపిల్లలకు అందనీయవద్దు.

శ్రుతికి మన హార్మోనియమే ఆధారము. లావు తీగ నుండి వరుసగా మూడు, ఆరు, రెండు, ఐదు, ఏడు, మూడు శ్రుతులు. తమ్ముళ్లారా, కొత్త తీగ రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటుంది, మాటిమాటికి శ్రుతి చేయవలెను. కనుక ఆ పని శనివారము రాత్రికి పెట్టుకొనక, బుధవారమే చేయండి.