ముందు దాన్ని నిద్రపుచ్చండి



మైక్రోకంట్రోలరు బోర్డు చేతికి రాగానే మీరు చేసే మొదటి ప్రయోగం ఏమిటో చెప్పనక్కర లేదు. ఒక ఎల్.ఇ.డి. దీపాన్ని సెకను వెలిగించి, సెకను ఆర్పడం. పుస్తకాలన్నీ అక్కడే మొదలుపెడతాయి. దీపం మిణుకుమిణుకుమనగానే చప్పట్లు! ఆ తర్వాత బజరు, ఆ తర్వాత చక్రాల బండి. సైన్సు ఫెయిరు నాడు ఛార్జరు తీగ తగిలించి ఉన్నంతసేపూ అన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మర్నాడు తీగ పీకేస్తారు. బోర్డు బీరువాలోకి వెళ్ళిపోతుంది.

నా మాట వేరు. మీరు మొదలుపెట్టవలసింది వెలిగించడంతో కాదు, నిద్రపుచ్చడంతో. అందుకు తగిన సాధనం కూడా ఉంది. అదే తక్కువ విద్యుత్తుతో నడిచే ఈ-పేపరు బోర్డు.

ఈ-పేపరు అనగానే దినపత్రికను ఫోనులో చదవడం అనుకునేరు! అది కాదు. ఇది ఒక రకం తెర. మీ ఇంట్లో దీపం ఉంది, వాకిట్లో ముగ్గు ఉంది. దీపం వెలుగుతున్నంతసేపూ నూనె తాగుతూనే ఉంటుంది. ముగ్గుకు వేసేటప్పుడే పిండి ఖర్చు. వేశాక, ఎవరైనా చిమ్మేదాకా అలాగే ఉంటుంది. టీవీ తెర, ఫోను తెర దీపం జాతివి. ఈ-పేపరు ముగ్గు జాతిది. దాని మీద ఒక బొమ్మ గీసి విద్యుత్తు పూర్తిగా ఆపేసినా బొమ్మ చెరిగిపోదు.

ఎలాగంటారా? ఆ తెరలో తల వెంట్రుక మందమంత గుళికలు లెక్కలేనన్ని ఉంటాయి. ఒక్కొక్క గుళికలో పారదర్శకమైన ద్రవం. ఆ ద్రవంలో తెల్లని రేణువులు, నల్లని రేణువులు. తెల్లవి టైటానియం డయాక్సైడువి. గోడలకు వేసే తెల్లరంగులో ఉండేది కూడా అదే. తెల్లవాటికి ఒక రకం విద్యుదావేశం, నల్లవాటికి దానికి వ్యతిరేకమైన ఆవేశం ఇచ్చి ఉంటారు. తెర వెనక ఉన్న ఎలక్ట్రోడుకు ఒక దిశలో వోల్టేజి ఇస్తే తెల్లవి పైకి తేలుతాయి, నల్లవి అడుక్కి పోతాయి. వోల్టేజి తిరగేస్తే నల్లవి పైకి వస్తాయి. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి అని దువ్వెనతో, కాగితం ముక్కలతో నేర్చుకున్నారే, ఆ పాఠమే ఇక్కడా పనిచేస్తోంది. విద్యుత్తు తీసేశాక రేణువులు ఎక్కడివక్కడే నిలిచిపోతాయి.

1970లలోనే అమెరికాలో జెరాక్స్ వారి పరిశోధనాలయంలో నికొలస్ షెరిడన్ అనే ఆయన సగం నలుపు, సగం తెలుపు ఉన్న చిన్న పూసలు దొర్లే తెరను తయారుచేశాడు. పైన చెప్పిన గుళికల సిరాను 1998లో ఎం.ఐ.టి.కి చెందిన జోసెఫ్ జాకబ్‌సన్ బృందం ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. ఆ బృందంలోని బారెట్ కామిస్కీ, జె.డి. ఆల్బర్ట్ ఈ పని మొదలుపెట్టినప్పుడు ఇంకా డిగ్రీ చదువుతున్న కుర్రవాళ్ళే. 2007లో వచ్చిన ‘కిండిల్’ అనే పుస్తక పఠన యంత్రంతో ఈ తెర లోకానికి బాగా పరిచయమైంది.

ఇక బోర్డు సంగతి. తెరను, మైక్రోకంట్రోలరును ఒకే పలక మీద అమర్చినవి దొరుకుతాయి. విడివిడిగా తెచ్చుకుని ఎనిమిది తీగలతో కలుపుకోనూ వచ్చు. మన లెక్కలకు 2016లో బజారులోకి వచ్చిన ఈఎస్‌పీ-32 అనే చిప్పును, అంగుళంన్నర పైచిలుకు తెరను తీసుకుందాం. ఆ తెర మీద అడ్డంగా 200, నిలువుగా 200 చుక్కలుంటాయి.

ఒక గోడ గడియారం సెల్లులో సుమారు 2000 మిల్లీ ఆంపియరు గంటల విద్యుత్తు ఉంటుందనుకోండి. మూడు సెల్లులు శ్రేణిలో కలిపితే వోల్టేజి నాలుగున్నర అవుతుంది కాని, ఈ 2000 మాత్రం 2000గానే ఉంటుంది. చాలామంది ఇక్కడే తికమకపడతారు. మన చిప్పు మేలుకుని, వై-ఫై లేకుండా, సుమారు 40 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. రోజంతా మేలుకొని ఉంటే 24 గంటలకు 960. అంటే రెండు రోజుల్లో సెల్లులు ఖాళీ!

అదే చిప్పును నిద్రపుచ్చితే? గాఢనిద్రలో చిప్పు ఒక్కటీ తీసుకునేది సుమారు 10 మైక్రో ఆంపియర్లు. బోర్డు మీది మిగతా భాగాలను కలుపుకుని 20 అనుకుందాం. అరగంటకోసారి లేచి, మూడు సెకన్లలో పని ముగించుకుని మళ్ళీ పడుకుంటుంది. రోజుకు 48 సార్లు లేస్తుంది, మొత్తం మెలకువ 144 సెకన్లు. గంటల్లోకి మారిస్తే 0.04. దాన్ని 40 పెట్టి గుణిస్తే 1.6 మిల్లీ ఆంపియరు గంటలు. నిద్రకు ఖర్చు 0.02 × 24, అంటే 0.48. రెండూ కలిపి రోజుకు 2.08. ఇప్పుడు 2000ను దానితో భాగించండి. సుమారు 960 రోజులు!

ఇది కాగితం మీది లెక్క. సెల్లులు ఊరికే ఉన్నా కొంత కోల్పోతాయి, చివరి బొట్టుదాకా పిండుకోవడమూ కుదరదు. ఏడాదికి పైగా నడిస్తే చాలు. మీ గోడ గడియారం ఒక్క సెల్లుతో అంతకాలం నడుస్తుంటే మనకు ఆశ్చర్యం లేదు కదా! అదీ ఇదే విద్య. సెకనుకోసారి ముల్లును ఒక్క తోపు తోసి ఊరుకుంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. పుస్తకంలో 10 మైక్రో ఆంపియర్లని రాసి ఉంటుంది. మీ బోర్డు కొలిస్తే దానికి వందల రెట్లు రావచ్చు. చాలా బోర్డుల మీద కరెంటు వస్తోందని చూపే ఒక చిట్టి ఎర్రదీపం ఉంటుంది. అది ఒక్క మిల్లీ ఆంపియరే తీసుకున్నా రోజుకు 24 అయింది. మన 960 రోజులు 77 రోజులకు దిగాయి! చవక బోర్డుల మీద వాడే ఒక రకం వోల్టేజి రెగ్యులేటరు ఏ పనీ లేకుండానే 5 మిల్లీ ఆంపియర్లు మింగుతుంది. అది ఉంటే 16 రోజులే. తక్కువ విద్యుత్తు బోర్డు అంటే చిప్పు ఒక్కటే పొదుపరి అయితే చాలదు, ఇంటిల్లిపాదీ పొదుపరులై ఉండాలి. కొనేముందు మీ మాస్టారి చేత అడిగించండి, ‘గాఢనిద్రలో బోర్డు మొత్తం ఎంత తీసుకుంటుంది?’ అని. చిప్పు సంగతి చెప్పి తప్పించుకోనివ్వకండి.

అడిగినా, చెప్పినా, మీరు కొలవాలి. బడిలో మల్టీమీటరు ఉంటుంది. సెల్లుల నుంచి బోర్డుకు పోయే తీగను తెంచి, మధ్యలో మీటరును శ్రేణిలో పెట్టాలి. మైక్రో ఆంపియరు స్థానంలో మీటరు నిరోధం 100 ఓములనుకోండి. బోర్డు మేలుకుని 40 మిల్లీ ఆంపియర్లు లాగబోతే మీటరు దగ్గరే 4 వోల్టులు పోతాయి. మీ సెల్లులు మూడూ కలిసి ఇచ్చేది నాలుగున్నర! ఇక బోర్డుకు మిగిలేదేముంది? అందుకని ఒక ఉపాయం. మీటరు రెండు కొనలనూ ఒక తీగ ముక్కతో కలిపి ఉంచండి. బోర్డు మేలుకున్నంతసేపూ కరెంటు ఆ అడ్డదారిన పోతుంది. బోర్డు నిద్రపోయాక తీగ తీసేయండి. అప్పుడు మీటరు చూపేదే నిద్ర కరెంటు. మళ్ళీ లేచే సమయానికి తీగ పెట్టేయండి. ఓం నియమం పరీక్షలో రాసే వస్తువే కాదని ఈ తీగ ముక్క దగ్గర తెలిసినంత బాగా మరెక్కడా తెలియదు.

ప్రోగ్రాము రాసేటప్పుడు ఒక వింత ఎదురవుతుంది. గాఢనిద్ర నుంచి లేచిన చిప్పుకు ఏమీ గుర్తుండదు! ప్రోగ్రాము మొదటి పంక్తి నుంచి మళ్ళీ మొదలవుతుంది. మీరు ‘లూప్’ అనే భాగంలో ఎంత రాసినా అక్కడిదాకా రాదు, ఎందుకంటే ముందు భాగం చివరనే పడుకుంటుంది. నిద్రలోనూ చెరగని జ్ఞాపకం ఒక్క మూల 8 కిలోబైట్లు ఉంటుంది. పడుకునే ముందు తలగడ కింద చీటీ పెట్టుకున్నట్టు, గుర్తుండవలసిన అంకెలను అందులో దాచాలి.

చిప్పును నిద్రపుచ్చే ముందు తెరను కూడా నిద్రపుచ్చాలని మరచిపోకండి. రేణువులను కదపడానికి తెర తనలో 15 వోల్టులదాకా పుట్టించుకుంటుంది. ఆ వోల్టేజి అలాగే ఉండిపోతే తెర పాడవుతుంది. బొమ్మ మారేటప్పుడు తెర నలుపు తెలుపుగా నాలుగైదు సార్లు మిటకరిస్తుంది. చెడిపోయిందని కంగారుపడకండి. పాత బొమ్మ నీడ మిగలకుండా రేణువులను కుదుపుతోంది, అంతే. దీనికి రెండు సెకన్లు పడుతుంది. తయారీదారులు మూడు నిమిషాలకన్నా తక్కువ వ్యవధిలో మార్చవద్దని, రోజుకొక్కసారైనా మార్చమని చెబుతారు.

నా తోటి ఉపాధ్యాయులు కొందరు ఒప్పుకోరు. “అంత మందకొడి తెరతో పిల్లలకు ఉత్సాహం ఎలా వస్తుందండీ? రంగు లేదు, కదలిక లేదు, పైగా ఖరీదు” అంటారు. ఖరీదు మాట నిజమే. దీపం వెలిగించే బోర్డుకన్నా ఎక్కువే అవుతుంది. కాని ఇది తలా ఒకటి కొనే వస్తువు కాదు, తరగతికి ఒకటి చాలు. ఉత్సాహం సంగతంటారా? మిణికే దీపం మీది ఉత్సాహం వారం రోజులే. సెల్లులు వేసి గోడకు తగిలించినది వేసవి సెలవుల తర్వాత వచ్చి చూస్తే ఇంకా పనిచేస్తూ ఉందనుకోండి, ఆ పిల్లవాడి మొహం చూడాలి!

అక్షరాల గురించి కూడా ఒక మాట. ఈ బోర్డులకు వచ్చే అక్షరాల పెట్టెల్లో సాధారణంగా ఇంగ్లీషే ఉంటుంది. అవి ఒక అక్షరం పక్కన మరొక అక్షరం పేర్చడమే ఎరుగుదురు. మన గుణింతాలు, ఒత్తులు వాటికి పట్టవు. అందుకని ‘హలో’ అని ఇంగ్లీషులో రాసి తృప్తిపడతారు చాలామంది. మీరు అలా చేయకండి. గ్రాఫు కాగితం తీసుకుని ‘గది వేడి’ అని 96 గళ్ళ వెడల్పు, 24 గళ్ళ ఎత్తులో రాయండి. నల్ల గడికి 1, తెల్ల గడికి 0. ఎనిమిది గళ్ళు ఒక బైటు. ఎనిమిదింటిలో మధ్య నాలుగు నల్లగా ఉంటే 32, 16, 8, 4 కలిపి 60. ఇలా మొత్తం 288 అంకెలు వస్తాయి. నలుగురు కూర్చుంటే ఒక పూట పని. తెర మొత్తానికి పట్టేది 5000 బైట్లే కాబట్టి చోటుకు కొదవ లేదు. దొరికిన లైబ్రరీలో 1 అంటే తెలుపు అని ఉంటే అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, మార్చుకోండి.

‘గది వేడి’ అని ఊరికే అనలేదు. పత్రికల్లో వచ్చే ఉష్ణోగ్రత ఆరుబయట, నీడలో, తెల్లని చెక్కపెట్టెలో పెట్టిన ఉష్ణమాపకానిది. రేకుల కప్పు కింద మధ్యాహ్నం రెండు గంటలకు మీరు కూర్చునే గది వేడి ఏ పత్రికలోనూ రాదు. దాన్ని మీరే కొలవాలి. డీఎస్18బీ20 అనే సెన్సారు అర డిగ్రీ తేడాతో చెబుతుంది, కొలవడానికి ముప్పావు సెకను చాలు. ఎండ పడని చోట, కూర్చున్న పిల్లవాడి తల ఎత్తులో పెట్టండి. తెర 50 డిగ్రీలు దాటితే పనికిరాదు, రేకుకు ఆనించి కట్టవద్దు. వీలైతే రెండో బోర్డు పెంకుటింటి గదిలోనో, డాబా గదిలోనో పెట్టండి. వేసవిలో ఏ తరగతిని ఏ గదిలో కూర్చోబెట్టాలన్న మాట వచ్చినప్పుడు హెడ్మాస్టరుగారి ముందు పెట్టడానికి మీ దగ్గర అంకెలుంటాయి. ‘ఉక్కగా ఉందండీ’ అన్నదానికీ, ‘మార్చి నెలలో పన్నెండు రోజులు ఈ గది ఆ గదికన్నా ఇంత ఎక్కువ’ అన్నదానికీ తేడా ఉంది కదా!

రోజుకు 48 కొలతలు. ఒక్కొక్కదానికి నాలుగు చుక్కల వెడల్పు ఇస్తే 192, తెర వెడల్పు 200. అంటే రోజంతటి గ్రాఫు తెర మీద సరిగ్గా పడుతుంది. కొలతకు రెండు బైట్ల చొప్పున నెలకు 2880 బైట్లు, తలగడ కింది చీటీలోనే ఇమిడిపోతాయి. అయితే సెల్లులు తీస్తే ఆ చీటీ పోతుంది. తీసే ముందు రోజువారీ గరిష్ఠం, కనిష్ఠం తేదీలతో సహా నోటుబుక్కులో ఎక్కించుకోండి.