ప్రవచనాలనూ ప్రమేయాలనూ సాగనంపిన వారికి

పదవ తరగతి గణితంలోంచి ప్రవచనాలూ ప్రమేయాలూ తీసేస్తే కొంప మునిగిందా అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. "కంప్యూటరు ఉద్యోగానికి అవెందుకండీ? అమీర్‌పేటలో మూడు నెలలు కూర్చుంటే చాలదా?" అన్నాడు. తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకన్నది ఆయన పైకి అనని మాట. దానికీ జవాబిస్తాను.

ఉమ్మడి రాష్ట్రపు పాత పుస్తకంలో మొదటి అధ్యాయం ప్రవచనాలు - సమితులు, రెండవది ప్రమేయాలు. 2014లో వచ్చిన కొత్త పుస్తకంలో సమితులు మిగిలాయి, తక్కిన రెండూ పోయాయి. తొమ్మిదవ తరగతిలో నిరూపణల పాఠం ఉందనీ, ఇంటర్మీడియట్‌లో ప్రమేయాలు వస్తాయనీ అంటారు. నిజమే. కాని ఆ రెండూ పక్కపక్కన ఉండడంలోనే ఉంది సారమంతా.

‘క అయితే ఖ’ అన్నది అనుషంగికం. కను ఇస్తే ఖను తిరిగి ఇచ్చేది ప్రమేయం. వీటిని మన పిల్లలు వేర్వేరు మార్కుల కోసం వల్లించారు. వీటి పోలికను 1934లో హాస్కెల్ కర్రీ గుర్తించాడు. 1969లో విలియం హోవార్డ్ విప్పి చెప్పాడు. ‘క అయితే ఖ’కు నిరూపణ అంటే, క నిరూపణ ఏదిచ్చినా ఖ నిరూపణను చేతిలో పెట్టే ప్రమేయమే! (సత్యపట్టికల తర్కం కంటె ఇది కఠినం. ‘క లేదా క కాదు’ అని ఊరికే అననివ్వదు. ఏదో ఒకటి చూపమంటుంది.) ఆ కర్రీ పేరే 1990లో వెలువడిన హాస్కెల్ భాషకు పెట్టారు. ఫంక్షనల్ భాషలని వ్యవహరించే ఈ జాతిని ప్రమేయ భాషలందాం.

వీటి పుట్టిల్లు తర్కశాస్త్రమే. అలోంజో చర్చ్ 1932లో లాంబ్డా కలనాన్ని తర్కానికి పునాదిగా వేయబోయాడు. ఆయన శిష్యులు క్లీనీ, రోసర్‌లే 1935లో అందులో వైరుధ్యం చూపారు. గురువుగారు గణనకు పనికివచ్చే భాగాన్ని వేరుచేసి 1936లో నిలబెట్టారు. అందులో ప్రధాన వ్యాపారం ప్రతిక్షేపణ. వ్యాకరణం చదివినవాడికి ‘ఆదేశం’ గుర్తుకు రాకమానదు. అలాగని చర్చ్‌కు పాణిని చేత పాఠం చెప్పించకండి, అది ఇద్దరికీ అవమానం. 1960లో లిస్ప్ భాషను లోకానికి వివరిస్తూ జాన్ మెకార్తీ వాడుకున్నది చర్చ్ లాంబ్డానే. ఎడింబరోలో రాబిన్ మిల్నర్ బృందం 1970లలో ఎం.ఎల్. భాషను కల్పించింది సిద్ధాంతాల నిరూపణలో యంత్రసాయం కోసం.

మా పత్తర్‌గట్టి ముత్యాల దుకాణాన్ని ఊహించుకోండి. పలక మీద ధర చెరిపి కొత్తది రాస్తే నిన్నటి ధరకు ఆనవాలుండదు. ఖాతా పుస్తకంలో చెరపరు. కింద మరో వరుస రాస్తారు. ‘క = క + 1’ అనే ఆజ్ఞ పలక పద్ధతి; సమీకరణంగా చదివితే శుద్ధ విరోధం. ప్రమేయ భాషది ఖాతా పద్ధతి. ఒకసారి క ఇంత అన్నాక అంతే. అందువల్ల క ఉన్నచోటల్లా దాని విలువను పెట్టి, ప్రోగ్రాము ఒప్పో తప్పో కాగితం మీదనే తర్కించవచ్చు.

ఇక అమీర్‌పేట. అక్కడ ఏళ్ల తరబడి బోధించిన జావాలోకి లాంబ్డాలు వచ్చింది ఎనిమిదవ వెర్షన్‌తో, 2014 మార్చిలో. మనం ప్రమేయాలను పదవ తరగతి నుంచి సాగనంపిన సంవత్సరమే! బాణం గుర్తు ఎక్కడ పెట్టాలో మూడు నెలల్లో వస్తుంది. అది ఎందుకు బాణమో రాదు.

పండితుడి జోక్యం ఎందుకంటే, ‘కాఫీ లేదా టీ’ అంటే మనం ఒక్కటే తాగుతాం. తర్కంలోని ‘లేదా’ రెండూ తాగనిస్తుంది. గణితం మాస్టారు సెలవు పెట్టిన రోజుల్లో ఆ అధ్యాయం నేనే చెప్పేవాణ్ణి. ఆంగ్లం కూడబలుక్కునే పిల్లలు ‘లేదా’ మీద, ‘అయితే’ మీద అచ్చ తెలుగులో గంటసేపు వాదించుకునేవారు. అందులో కొందరి చదువు పదితోనే ఆగిపోయింది. తర్కాన్ని సొంత భాషలో చూసే అవకాశం వారికి అదొక్కటే.

ఆ రెండు అధ్యాయాలనూ తిరిగి చేర్చండి. పుస్తకంలో చోటు చాలదంటే ముందుమాటలు తగ్గించండి.