ఐదు కిలోమీటర్లు, ఒక పాలపన్ను

అమ్మలకి కొత్త సంవత్సరం జనవరి 1న రాదు. జూన్ 12న వస్తుంది. తెలంగాణలో స్కూళ్లు తెరిచే రోజు. కొత్త షూస్, కొత్త బ్యాగు, అట్టలు వేయాల్సిన పుస్తకాల కట్ట, పొద్దున్నే లంచ్ బాక్సుల పరుగు... అన్నీ ఆ రోజే మొదలు.

ఈసారి నాకు ఆ రోజు ఇంకా పెద్దది. మా పాప ఫస్ట్ క్లాసులోకి వెళ్తోంది. బాబుకి మూడో ఏడు వచ్చింది కాబట్టి స్కూళ్లు తెరిచేలోపే మట్టపల్లి నరసింహస్వామి దగ్గర పుట్టువెంట్రుకలు తీయించాలి. ఇవి రెండూ ఇంట్లో అందరికీ తెలిసిన డెడ్‌లైన్లు. మూడోది ఒకటుంది. అది నా ఒక్కదానికే తెలుసు. జూన్ 12లోపు ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తాలి.

నవ్వకండి. ఆఫీసులో మేం రెండు వారాలకోసారి చేసే పనికి 'స్ప్రింట్' అని పేరు. ఆరేళ్లుగా స్ప్రింట్ల మీద స్ప్రింట్లు చేశాను, అన్నీ కుర్చీలో కూర్చునే! ఏప్రిల్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పాడైతే, బాబుని ఎత్తుకుని నాలుగో అంతస్తు ఎక్కేసరికి కళ్లు తిరిగాయి. నాకింకా ముప్పై కూడా రాలేదు. ఆ రోజు రాత్రే ఫోన్‌లో రన్నింగ్ యాప్ దించాను.

సెలవులిచ్చిన వారానికే పిల్లల్ని తీసుకుని మునగాల వచ్చేశాను. మా పుట్టిల్లు అదే. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లు సూర్యాపేట దాటి, కోదాడ ఇంకా రాకముందు బస్సు కిటికీలోంచి చూసే ఊరు. మేనేజర్‌ని బతిమాలి వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకున్నాను. పొద్దున తొమ్మిదిన్నరకి లాగిన్, రాత్రి ఏడింటికి లాగౌట్. మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టరు, నెట్ పోతే ఫోన్ హాట్‌స్పాట్. మరి పరుగుకి టైమెక్కడ? పొద్దున ఐదింటికి. మా వైపు ఎండాకాలంలో ఏడు దాటితే కుక్కలు కూడా నీడ వెతుక్కుంటాయి.

మొదటి రోజు ఎంత పరుగెత్తానో తెలుసా? ఒక్క నిమిషం. తర్వాత రెండు నిమిషాలు నడక. మళ్లీ ఒక నిమిషం పరుగు. ఇలా ఇరవై నిమిషాలు. ఈ పరుగు-నడక పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చినవాడు జెఫ్ గాలోవే. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున పరుగెత్తిన మనిషే 'మధ్యలో నడవండి, తప్పులేదు' అంటుంటే, మొహమాటపడటానికి నేనెవర్ని?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనవాళ్లెవరూ పైకి చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నా. రెండో రోజు కాస్త వేగం పెంచగానే నాలుగు చుక్కల మూత్రం పడిపోయింది. సిగ్గుతో నడిచి ఇంటికొచ్చేశాను. దగ్గినా తుమ్మినా ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు. కాన్పుల తర్వాత చాలామందికి ఉండే ఇబ్బందే ఇది. కటి కింది కండరాలు సాగి బలహీనపడటం వల్ల వస్తుంది. వాటిని బిగించి వదిలే వ్యాయామాలున్నాయి. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు 1948లోనే వీటి గురించి రాశాడు. డాక్టరుకి ఫోన్ చేస్తే, 'పరుగు వారం ఆపు, ఇవి రోజూ చెయ్యి, తర్వాత మెల్లగా మొదలుపెట్టు' అంది. మీటింగుల్లో మ్యూట్‌లో ఉన్నప్పుడల్లా చేశాను. నెల తిరిగేసరికి చాలా తేడా. మీలో ఎవరికైనా ఇలా ఉంటే 'పిల్లలు పుట్టాక ఇంతేలే' అని ఊరుకోకండి. ఒకసారి డాక్టరుకి చూపించండి.

హైవే మీద లారీలు ఊపిరాడనివ్వవు. అందుకే సాగర్ కాలువ కట్ట పట్టుకున్నాను. మే నెల కదా, కాలువలో నీళ్లు లేవు. అడుగున పగుళ్లు తేలిన మట్టి, కట్ట మీద తుమ్మచెట్లు, గేదెల్ని తోలుకెళ్లే ఒకరిద్దరు. వాళ్లలో ఒక పెద్దాయన మొదటి వారం రోజూ ఆగి, 'ఏమైందమ్మా, బస్సు పోయిందా?' అని అడిగేవాడు. రెండో వారానికి, 'ఇయ్యాల లేటైంది' అనడం మొదలుపెట్టాడు.

అంతా బాగానే నడుస్తోంది అనుకుంటుండగా మే మధ్యలో ఒకరోజు ఇంటికొచ్చేసరికి పాప గడపలో నిలబడి ఉంది. నోరు తెరిచి చూపించింది. కింద పన్ను లేదు. వారం రోజులుగా ఊగుతున్న పన్ను. మొదటి పాలపన్ను. అది ఊడేటప్పుడు ఫోటో తీద్దామని రోజూ రాత్రి కదిపి చూస్తున్నదాన్ని నేను. సరిగ్గా ఆ అరగంటలోనే ఊడింది.

'అమ్మమ్మ పేడలో పెట్టి ఇంటి మీదికి విసురుదామంది. నువ్వొచ్చినాకనే అని చెప్పిన' అంది. గుప్పిట్లో బియ్యపు గింజంత పన్ను పట్టుకుని అరగంట నుంచీ అక్కడే నిలబడిందట.

ఇద్దరం కలిసి విసిరాం. అది నవ్వుతోంది, నాకు మాత్రం గొంతు పట్టేసింది. అప్పుడే పక్కింటి పిన్ని గోడ మీంచి, 'పిల్లల్ని ఒదిలి పొద్దున్నే ఏం పరుగులమ్మా ఇవి? ఎవరు తరుముతుండ్రు నిన్ను?' అంది. మామూలుగా అయితే నవ్వి ఊరుకునేదాన్ని. ఆ రోజు మాత్రం లోపలికెళ్లి యాప్ తీసేద్దామా అనుకున్నాను.

మర్నాడు వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. మూడో రోజు పొద్దున నాలుగున్నరకి అమ్మే వచ్చి లేపింది. 'ఏందే, పోవా? పన్ను ఊడిందని కాలు ఇరిగిందా?'

వెళ్లాను. కానీ అసలు కథ ఆ వారం చివర్లో జరిగింది.

బాబు ఆధార్ కార్డు కోసం అమ్మ బీరువా అర వెతుకుతున్నాను. మందుల చీటీ ఒకటి దొరికింది. జనవరిది. అమ్మకి మూడేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటుందని తెలుసు. చీటీలో మాత్రల పేర్ల కింద డాక్టరు పెద్దక్షరాలతో 'రోజూ అరగంట నడక' అని రాసి కింద గీత గీశారు. ఒకటి కాదు, రెండు గీతలు.

'నడుస్తున్నావా?' అని అడిగాను.

'ఎప్పుడు నడవను?' అంది. కోపంగా కాదు, మామూలుగానే. 'పొద్దున నువ్వు పోయినాక పిల్లలు లేస్తరు గదా. నువ్వు రాకముందు వాకిలి, పాలు, మీ నాయన టిఫిను. సాయంత్రం కాళ్లు లాగుతయి.'

నేను 'నా కోసం నేను సంపాదించుకున్న టైము' అని మురిసిపోతున్న ఆ గంట నాది కాదు. అమ్మది. ఆమె గంట తీసుకుని నేను నా ఫిట్‌నెస్ పెంచుకుంటున్నాను. పన్ను ఊడినప్పుడు నేను లేనని అంత బాధపడ్డాను కానీ, పాప పక్కన అప్పుడు ఎవరున్నారు, ఆ టైములో ఆమె ఎక్కడ ఉండాలి అని ఒక్కసారీ అనుకోలేదు.

మా మునగాలతో ముడిపడిన ఒక కుటుంబం కథ ఆ రాత్రి గుర్తొచ్చింది. ఇక్కడి జమీందారు దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు గారు మీకు తెలిసే ఉంటారు. ఆయన అక్క భండారు అచ్చమాంబ. చిన్నప్పుడే పెళ్లయిపోయింది, బడికి పోలేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. పుట్టిన ఇద్దరు బిడ్డలూ పోయారు. అంత దుఃఖంలోనూ కథలు రాసింది, స్త్రీల చరిత్రలు రాసింది, ఊళ్లు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. 1905లో చనిపోయేనాటికి ఆమెకి ముప్పై ఏళ్లే. అంటే దాదాపు నా వయసు. ఇంటిపని అయ్యాక మిగిలిన టైములోంచే ఆడవాళ్లు ఏదైనా చేయాలి అనేది నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా మా ఇంట్లో మారలేదు. కాకపోతే ఇప్పుడు ఆ మిగిలింది అమ్మ నాకిచ్చేసింది.

ఇంజినీరింగ్ చదివింది ఎందుకు? సమస్య అర్థమైతే పరిష్కారం వెతకాలి కదా. ఒక సర్వర్ మీద మొత్తం లోడ్ పడుతోంది. పక్కనే ఇంకో సర్వర్ ఖాళీగా ఉంది. ఐదింటికే లేచి, పేపర్ వచ్చేదాకా వరండాలో కూర్చుని వీధి చూస్తుంది. అది మా నాన్న!

అడిగితే ఆయన, 'నాకు చాతగాదే' అన్నాడు. 'నాకు పరుగు చాతనయిందా నాన్నా?' అన్నాను.

మొదటి రోజు పాలు పొంగి పొయ్యంతా పారాయి, బాబు ఏడ్చి ఏడ్చి పక్కింటి పిన్ని చంకెక్కాడు. రెండో రోజు పాలు పొంగలేదు. నాలుగో రోజుకి మేం వచ్చేసరికి తాత, మనవడు, మనవరాలు ముగ్గురూ వరండాలో వరసగా కూర్చుని బిస్కెట్లు ముంచుకుని తింటున్నారు. ఆ వారంలోనే పాప సైకిల్‌కి పక్క చక్రాలు తీసేశారు. పట్టుకుని వెనక పరుగెత్తింది మా నాన్న. ఆ ముచ్చట కూడా నేను చూడలేదు. ఈసారి ఏడుపు రాలేదు.

అలా రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల ముందు చల్లటి గంటలో అమ్మా నేనూ కట్టెక్కాం. చీర కొంగు నడుముకి దోపుకుని, నేను కొనిచ్చిన బూట్లు వేసుకుని ఆమె నడక. నేను పరుగు. మొదటి రోజు పది నిమిషాలకే తుమ్మచెట్టు కింద కూలబడింది. ఆ రోజు ఇద్దరం మధ్యలోనే వెనక్కి వచ్చేశాం. తర్వాత పదిహేను నిమిషాలు, ఇరవై, ముప్పై.

మట్టపల్లిలో కృష్ణ ఒడ్డున బాబు గుండు చేయించుకుని, ఏడ్చి, ప్రసాదం తిని నవ్వాడు. మృగశిర కార్తె వచ్చింది, ఇంట్లో చేపల పులుసు ఉడికింది, నాలుగు చినుకులు పడ్డాయి. మర్నాడు ఆదివారం. హైదరాబాద్ నుంచి మా ఆయన కూడా వచ్చాడు, పిల్లల డ్యూటీ ఆయనా నాన్నా చెరిసగం. నా పరీక్ష ఆ రోజే పెట్టుకున్నాను.

లెక్క సింపుల్. కట్ట మీద రెండున్నర కిలోమీటర్లు వెళ్లాలి, రెండున్నర వెనక్కి రావాలి. ఇద్దరం ఒకేచోట మొదలుపెట్టాం. వెళ్లేటప్పుడు బాగానే ఉంది. మలుపు తిరిగాక మూడో కిలోమీటరు దగ్గర డొక్కలో పోటు. ఆగిపోదామా అనిపించింది. ఎదురుగా ఎవరో వస్తున్నారు. మెల్లగా, చేతులూపుకుంటూ. అమ్మ. యాప్‌లో చూస్తే 3.3 కిలోమీటర్లు. దగ్గరికొచ్చాక, 'పో పో, ఆగబాకు' అని మాత్రం అని, తనూ వెనక్కి తిరిగింది.

39 నిమిషాలు. పరుగుల లోకంలో ఇదేం గొప్ప టైము కాదు. కొడుకు పుట్టిన ఆరేళ్లకి, 34 ఏళ్ల వయసులో పి.టి. ఉష 1998 ఆసియా చాంపియన్‌షిప్‌లో 200, 400 మీటర్ల కాంస్యాలు గెలిచింది. నేను గెలిచింది నాలుగో అంతస్తుని. నాకు చాలు. ఊపిరి తీసుకుని వెనక్కి నడిచి వెళ్లాను, మిగతా దూరం అమ్మతో కలిసి నడవడానికి.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే నాకు పనికొచ్చిన నాలుగు మాటలు చెప్తాను. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకి అరగంట, ఐదు రోజులు. చురుకైన నడక చాలు. ఆపరేషన్ కాన్పు అయినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. ఎండాకాలం సూర్యుడి కన్నా ముందు లేవాలి, నీళ్లు తాగి వెళ్లాలి, తల తిరిగితే పంతానికి పోకుండా ఆగిపోవాలి. మాట్లాడలేనంత ఆయాసం వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే. వీటన్నిటికన్నా ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: నేను బయటికెళ్లిన ఈ గంట ఇంట్లో ఎవరు మోస్తున్నారు?

రేపే హైదరాబాద్ ప్రయాణం. పాప కొత్త బ్యాగు అప్పుడే భుజానికి తగిలించుకుని తిరుగుతోంది. హైదరాబాద్‌లో వారానికి మూడు పొద్దులు పిల్లల్ని మా ఆయన చూసుకోవాలని ఒప్పందం రాసుకున్నాం, ఫ్రిజ్ మీద అతికించాం కూడా. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో 10కే పరుగెత్తాలని ఉంది.

అమ్మకీ ఆగస్టులోనే పరీక్ష. షుగర్ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి టెస్టు. నేను లేకపోయినా నడుస్తానంది. నమ్మకం లేక, ఆమె ఫోన్‌లో కూడా నా యాపే వేసి పెట్టాను. ఇందాక బ్యాగులు సర్దుతుంటే తొంగి చూసి అడిగింది.

'అమ్మాయ్, ఇందులో మీ నాయన్ని కూడా ఎక్కించొచ్చా?'