పీఈటీ వేరు... కోచ్ వేరు!

డిగ్రీ అయ్యాక ఆటల్లోనే స్థిరపడాలనుకునే తెలుగు విద్యార్థికి మొదట కనిపించే దారి పీఈసెట్. ర్యాంకు వస్తే రెండేళ్ల బీపీఈడీ. ఆపైన పీఈటీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు. దారి మంచిదే. కానీ అది తయారు చేసేది వ్యాయామ ఉపాధ్యాయుణ్ని, కోచ్‌ని కాదు.

తేడా ఏంటంటారా? పీఈటీ బడిలోని పిల్లలందరినీ ఆడిస్తారు. కోచ్ ఒకే ఆటలో కొందరిని ఏళ్ల తరబడి తీర్చిదిద్దుతారు. ఏ వయసులో ఎంత సాధన చేయించాలి, పోటీకి ముందు ఎప్పుడు తగ్గించాలి, గాయపడినవారిని మళ్లీ ఎప్పుడు బరిలో దింపాలి అన్నవి కోచ్ రోజూ తీసుకునే నిర్ణయాలు. లెక్క తప్పితే దెబ్బతినేది పిల్లల భవిష్యత్తే.

మన దగ్గర కొరత ఎక్కడ?

టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినప్పుడు నీరజ్ చోప్రా కోచ్ జర్మనీకి చెందిన క్లాస్ బార్టోనియెట్జ్. ఆయన బయోమెకానిక్స్ నిపుణుడు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి హర్డిల్స్‌లో రాటుదేలింది భువనేశ్వర్‌లో, బ్రిటన్ కోచ్ జేమ్స్ హిల్లియర్ దగ్గర. అలాగని మనకు గొప్ప కోచ్‌లు లేరా? గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ చేసి చూపించారు. అయితే ఒక్కరి అనుభవం ఒక్క అకాడమీలోనే ఆగిపోకుండా వందల మందికి చేరాలంటే కోర్సు కావాలి.

పటియాలాలోని ఎన్ఐఎస్ 1961 నుంచి కోచ్‌లను తయారుచేస్తోంది. దాని ప్రధాన కోర్సు ఏడాది డిప్లొమా. 2018 చట్టంతో ఇంఫాల్‌లో ఏర్పడిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయంలో స్పోర్ట్స్ కోచింగ్‌లో ఎమ్మెస్సీ ఉంది. మనకది చాలా దూరం. 2024 డిసెంబరులో తెలంగాణ శాసనసభ క్రీడా విశ్వవిద్యాలయ బిల్లును ఆమోదించింది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరగబోతున్నాయి. కోచింగ్‌లో పీజీ గురించి గట్టిగా అడగాల్సిన సమయం ఇదే.

ఎలా ఉండాలి?

రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది ఫిజియాలజీ, బయోమెకానిక్స్, స్పోర్ట్స్ సైకాలజీ, పోషకాహారం, డోపింగ్ నిబంధనలు, పిల్లల భద్రత నేర్పాలి. రెండో ఏడాది మొత్తం మైదానంలోనే గడవాలి. అనుభవం ఉన్న కోచ్ పర్యవేక్షణలో ఒక జట్టును పూర్తి సీజన్ నడిపించాలి. మార్కులు కూడా శిక్షణ ప్రణాళిక, ఆటగాళ్ల పురోగతి చూసి వేయాలి. థియరీ పరీక్ష బట్టీపట్టి పాసైతే కోచ్ అయిపోరు కదా!

అసలు మెలిక ఇక్కడే

కోర్సు పెట్టగానే ఉద్యోగం రాదు. స్పోర్ట్స్ అథారిటీ కోచ్ పోస్టుల నోటిఫికేషన్లలో కోచింగ్ డిప్లొమానే ప్రధాన అర్హతగా చూస్తూ వచ్చాం. కొత్త పీజీని దానికి సమానంగా గుర్తిస్తూ రాష్ట్రాలు నియామక నిబంధనలు మార్చకపోతే పట్టా చేతిలో ఉన్నా దరఖాస్తు దగ్గరే ఆగిపోవాలి. అప్పుడు నష్టపోయేది కోర్సు పెట్టినవాళ్లు కాదు, రెండేళ్లూ ఫీజూ పోసిన విద్యార్థులు. అందుకే సిలబస్ కంటే ముందు నిబంధనల్లో సవరణ రావాలి.

చేరే ముందు అడగండి

* ఈ పట్టాతో ఏ ప్రభుత్వ పోస్టులకు అర్హత ఉంటుంది? రాతపూర్వకంగా చూపించగలరా?
* మైదానంలో ఎన్ని నెలలు? ఏ అకాడమీలో, ఎవరి దగ్గర?
* మీ ఆటకు ప్రత్యేక శిక్షణ ఉందా, లేక అన్ని ఆటలకూ ఒకే పాఠమా?
* బోధించేవారిలో జట్లకు నిజంగా శిక్షణ ఇచ్చినవారు ఎందరు?

వీటికి సూటిగా జవాబు వస్తే ధైర్యంగా చేరండి. ప్రైవేటు అకాడమీలు, కార్పొరేట్ స్కూళ్లలోనూ అవకాశాలుంటాయి. జవాబు నసిగితే మాత్రం ఎన్ఐఎస్ డిప్లొమా వైపు చూడటమే మేలు. పతకం గెలిచినప్పుడు ఫొటోలో కోచ్ ఓ పక్కన ఉంటారు. ఆ పక్కన నిలబడటం కూడా ఒక కెరియరే. దానికి సరైన చదువు, సరైన గుర్తింపు రెండూ అడగడం మీ హక్కు.