ఉత్తరం ఎటో తెలియని బొమ్మ

పల్నాడులో స్థలం అమ్మాలంటే ముందు ఫేసింగ్ చెప్పాలి. తూర్పా, ఉత్తరమా, వీధిపోటు ఏమన్నా ఉందా... ఇవి తేలకుండా అడ్వాన్సు మాట రాదు. అలాంటి మనుషులు కూడా ఏఐ గీసిన ఇంటి బొమ్మ వాట్సాప్‌లో రాగానే "ఎలివేషన్ అదిరింది" అనేసి, ఆ ఇల్లు ఎటు చూస్తోందని అడగడం మానేశారు. అడిగినా జవాబు ఉండదు. ఆ బొమ్మకి దిక్కుల్లేవు.

వెటకారానికి అనడం లేదు. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడళ్ళు ఇంటర్నెట్లో పోగైన కోట్ల బొమ్మల్నీ వాటి పక్కనున్న మాటల్నీ జతచేసి నేర్చుకున్నాయి. మనం నాలుగు మాటలు ఇస్తే, చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, ఆ మాటలకి సరిపోయే బొమ్మ తేలేదాకా మెట్టుమెట్టుగా శుభ్రం చేస్తాయి. అందులో ఎండ లెక్క లేదు, దూలం మోసే బరువు లెక్కా లేదు. ఎక్కువ ఫొటోలు పడ్డ ఊళ్ళ ఇళ్ళే అక్కడ ఎక్కువ. గురజాల సందులో నాపరాళ్ళు పరిచిన వసారాని ఎవరు ఫొటో తీసి, ఇంగ్లీషులో పేరు రాసి పెట్టారు? అందుకే నరసరావుపేటలో ఇల్లు కావాలన్నా పచ్చిక, ఈతచెట్ల లాంటివేవో, నిలువెత్తు అద్దాలూ వస్తాయి. ఎండలకి పేరుమోసిన రెంటచింతల ఉన్న జిల్లాలో పడమటి గోడంతా అద్దం! ఆ హాల్లో కూర్చునేవాడి మే నెల కరెంటు బిల్లు బొమ్మలో కనపడదు మరి.

"ఐడియాల కోసమే కదా, ఆర్కిటెక్టుకి డబ్బులు ఎక్కణ్ణించి తెస్తాం" అంటారు. నిజమే. ఇంటాయనా మేస్త్రీ ఒకే బొమ్మ చూసి మాట్లాడుకోగలగడం లాభమే. కానీ ఇదివరకు ఏం చేసేవాళ్ళు? ఊళ్ళో ఒక ఇంటిని చూపించి "అట్లాంటిది కట్టు" అనేవాళ్ళు. అదీ కాపీయే. అయితే ఆ ఇల్లు పదిహేను ఎండాకాలాలు చూసుంటుంది. తలుపు తట్టి, స్లాబు కారుతోందా, పై గదిలో పగలు పడుకోగలుగుతున్నారా అని అడగొచ్చు. ఈ బొమ్మలో తలుపు ఎవరు తీస్తారు?

ముందు బొమ్మ, తర్వాత ఊరు అనే జబ్బు ఏఐ తెచ్చింది కాదులెండి. అమరావతికి మొదట జపాన్ మాకీ సంస్థ, తర్వాత లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థ నమూనాలిచ్చాయి. 2017లో ప్రభుత్వం దర్శకుడు రాజమౌళి సలహా కూడా అడిగింది. అప్పుడు తిట్టడానికైనా బొమ్మ వెనక పేరున్న మనిషి ఉన్నాడు. అన్నట్టు, అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీదే. ఇప్పటికీ మాచర్ల నాపరాయీ పిడుగురాళ్ళ సున్నమూ లారీలెక్కి పోతూనే ఉన్నాయి. నేను చూసిన ప్రాంప్టుల్లో ఆ రెండు మాటలూ లేవు.

వెంచర్ల దగ్గర ఈ ఐడియా నేరుగా బ్రోచర్‌లోకి ఎక్కేస్తుంది. నిన్నటిదాకా మిరపచేను ఉన్నచోట క్లబ్‌హౌస్, చెరువు, అందులో పడవ. కింద చీమతలకాయంత అక్షరాల్లో "ఊహాచిత్రం". 2016 రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోని తప్పుడు సమాచారం నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోయినవాళ్ళకి ప్రమోటరు పరిహారం ఇవ్వాలి. ఆ చీమతలకాయ దీన్నుంచి తప్పించే గొడుగు కాకూడదు. బొమ్మ వేసుకోండి. పక్కనే అదే స్థలానిది, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి తీసిన ఫొటో అంతే సైజులో వేయండి. ఉత్తరం ఎటో బాణం గుర్తు కూడా పెట్టండి.