టికెట్టుకు ముప్పావలా వడ్డీ, కాలినడకకు లెక్కే లేదు

1901 ఎండాకాలం సెలవులు. మహారాష్ట్రలో మసూరు అనే రైల్వే స్టేషన్లో ఓ సాయంత్రం కొందరు పిల్లలు రైలు దిగారు. ఒంటిమీద కొత్త బట్టలు, తలకు మెరిసే టోపీలు. కోరేగావులో ఖజాంచి కొలువు చేస్తున్న తండ్రి దగ్గరికి పోతున్నారు. తండ్రి రాలేదు. పిల్లలు రాసిన ఉత్తరం ఆయన చేతికి అందనే లేదు. స్టేషన్ మాస్టరు దగ్గరికొచ్చి మీరెవరని అడిగాడు. మహర్లం అన్నారు. ఆయన మొఖం మారిపోయింది. బయట ఎడ్లబండ్లు చాలానే ఉన్నాయి, ఎక్కించుకునేవాడు లేడు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు. అదీ ఎట్లా? బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. డబ్బాలో అన్నం ఉంది గానీ తాగను నీళ్లు దొరక్క ఆ రాత్రి ఆకలితోనే పడుకున్నారు. ఆ పిల్లల్లో ఒకడు తొమ్మిది పదేళ్ల భీమ్‌రావు.

ఈ సంగతి బాబాసాహెబ్ తన చేత్తోనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిపెట్టాడు. దారిలో చిక్కుకుపోవడం ఎవరికైనా వస్తుంది. దొరకైనా వస్తుంది, కూలికైనా వస్తుంది. చిక్కుకున్నాక నువ్వెవరని అడుగుతారు చూడండి, అక్కడే తేడా మొదలవుతుంది. ఈ పక్షం ఆ తేడా గురించే రాయాలనుకున్నాం.

2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో కంపెనీ విమానాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పైలట్లకు ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలని కొత్త నిబంధనలు వస్తే, కంపెనీ దానికి తగ్గట్టు మనుషుల్ని పెట్టుకోలేదు. 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. హైదరాబాదు, ఢిల్లీ, బెంగళూరు విమానాశ్రయాల్లో జనం నేలమీద పడుకున్నారు. పెళ్లిళ్లకు పోయేవాళ్లు, చావులకు పోయేవాళ్లు, పరీక్షలకు పోయేవాళ్లు అందరూ ఉన్నారు అందులో. పాపం, వాళ్ల బాధ బాధే. ప్రభుత్వం వెంటనే కదిలింది. 7వ తేదీ రాత్రి 8 గంటల లోపల టికెట్టు డబ్బులు వాపసు చెయ్యాలని హుకుం ఇచ్చింది. సామాను 48 గంటల్లో ఇంటికి చేర్చాలన్నది. మిగతా కంపెనీలు ఇదే అదనుగా రేట్లు పెంచకుండా కిరాయికి పైహద్దు పెట్టింది. బాగా ఇబ్బంది పడ్డవాళ్లకు 10 వేల రూపాయల వోచర్లు ఇస్తామని కంపెనీ కూడా ప్రకటించింది.

ఇది తప్పని మనం అనం. అనగూడదు కూడా. డబ్బు తీసుకుని పని చెయ్యనివాడు డబ్బు వాపసు ఇవ్వాల్సిందే. మనం అడిగేది వేరే. ప్రభుత్వానికి ఇంత చురుకుదనం ఉందని మనకు ఇంతకుముందు ఎందుకు తెలియలేదు?

2020 మార్చి గుర్తు తెచ్చుకోండి. 22న ప్యాసింజరు రైళ్లు ఆపేశారు. విదేశీ విమానాలు ఆపేశారు. 24వ తేదీ రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో కనిపించి, అర్ధరాత్రి నుంచి దేశం మొత్తం బంద్ అన్నాడు. నాలుగు గంటల గడువు. అదే అర్ధరాత్రికి దేశంలోపలి విమానాలూ ఆగిపోయాయి. అంటే విమానాశ్రయం, రైల్వే స్టేషను, బస్టాండు మూడూ ఒక్కసారే మూతబడ్డాయి. మూసినవాడు ఒక్కడే. కారణమూ ఒక్కటే. మరి పరిహారం ఒక్కటిగా ఉందా?

విమానం టికెట్లు కొన్నవాళ్ల తరఫున ప్రవాసీ లీగల్ సెల్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు పోయింది. 2020 అక్టోబరు 1న తీర్పు వచ్చింది. లాక్‌డౌన్ కాలంలో అదే కాలపు ప్రయాణానికి కొన్న టికెట్ల డబ్బు మొత్తం వాపసు. అంతకుముందు కొన్నవాటికి కూడా వాపసే, కంపెనీకి డబ్బుల కటకట ఉంటే ఆ సొమ్మును 2021 మార్చి 31 దాకా ఖాతాలో జమ ఉంచాలి. ఊరికే ఉంచడం కాదు. 2020 జూన్ 30 దాకా నెలకు వందకు అర్ధ రూపాయి, ఆ తర్వాత నెలకు ముప్పావలా చొప్పున పెంచుతూ పోవాలి. నేను బళ్లో పిల్లలకు బారువడ్డీ లెక్కలు చెప్పేటప్పుడు ఈ లెక్కే ఇచ్చాను. 5 వేల రూపాయల టికెట్టు. మూడు నెలలకు 75 రూపాయలు, తొమ్మిది నెలలకు 337 రూపాయల 50 పైసలు. మొత్తం 412 రూపాయల 50 పైసలు వడ్డీ. ఎక్కని విమానానికి. ఒక పిల్లాడు లేచి, "సార్, మా నాయిన పుణె నుంచి నడిచొచ్చిండు, ఆయనకెంత వస్తది?" అన్నాడు. నల్లబల్ల మీద ఏం రాయను?

ఆ పిల్లాడి ప్రశ్నకు పార్లమెంటు జవాబిచ్చింది. 2020 సెప్టెంబరు 14న లోక్‌సభలో సభ్యులు అడిగారు, ఇళ్లకు పోతూ చనిపోయిన వలస కార్మికులెందరు, వాళ్ల కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని. కార్మిక శాఖ రాతపూర్వకంగా చెప్పింది, అలాంటి లెక్క మా దగ్గర లేదు, కనుక పరిహారం ప్రశ్నే తలెత్తదు అని. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. చనిపోలేదు అనలేదు. ఇవ్వం అని కూడా అనలేదు. లెక్క లేదు కనుక ప్రశ్న లేదు. సొంతూళ్లకు పోయినవాళ్లు కోటిమందికి పైగా ఉన్నారని మాత్రం అదే ప్రభుత్వానికి లెక్క ఉంది! పోయినవాళ్లకు లెక్క ఉంది గానీ దారిలో పోయినోళ్లకు లేదు.

అంతకు ఆరు నెలల ముందు, మార్చి 31న, ఉదయం 11 గంటలకల్లా రోడ్లమీద ఎవ్వరూ లేరని ప్రభుత్వ వకీలు సుప్రీంకోర్టులో చెప్పాడు. తర్వాత ఏప్రిల్ 18న ములుగు జిల్లా పేరూరు దిక్కు మిరప తోటల్లో కాయలేరడానికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పిల్ల, బీజాపూర్ జిల్లాలో తన ఊరికి అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకాస్త దూరంలో ఉందనగా ప్రాణం వదిలింది. మే 8న ఔరంగాబాదు దగ్గర పట్టాల మీద అలసి నిద్రపోయిన 16 మంది కూలీల మీదుగా గూడ్సుబండి పోయింది. రొట్టెలు పట్టాల మీద చెల్లాచెదురుగా పడిన ఫొటో మీరు చూసే ఉంటారు. వాళ్ల కుటుంబాలకు రెండు రాష్ట్ర ప్రభుత్వాలు తలా 5 లక్షలు ప్రకటించాయి. దాని పేరు ఎక్స్‌గ్రేషియా. అంటే దయాధర్మం. దేశమంతా ఫొటో చూసింది గనక దయ పుట్టింది. ఫొటో తీయని చావుకు దయ లేదు.

పరిహారం వేరు, ఎక్స్‌గ్రేషియా వేరు. ఈ తేడా మన కార్యకర్తలు అందరూ గట్టిగా పట్టుకోవాలి. కారంచేడు, చుండూరు తర్వాత మనం నేర్చుకున్నది ఇదే కదా. అట్రాసిటీ చట్టం కింద 1995 నియమాల్లో ఏ నేరానికి ఎంత సొమ్ము అని పట్టిక ఉంది. కలెక్టరు దయతో ఇచ్చేది కాదది, ఇవ్వకపోతే నిలదీయగలిగింది.

ప్రయాణికుడికి అట్లాంటి హక్కు ఎంత దూరం పోతుందో యూరప్‌లో చూడండి. 2010 ఏప్రిల్లో ఐస్‌లాండులో అగ్నిపర్వతం పేలి బూడిద ఆకాశమంతా కమ్మింది. యూరప్ విమానాశ్రయాలు దాదాపు వారం రోజులు మూతబడ్డాయి. సుమారు లక్ష విమానాలు రద్దు. పోర్చుగల్‌లోని ఫారో నుంచి ఐర్లండులోని డబ్లిన్‌కు పోవలసిన ఒక మహిళ అక్కడే చిక్కుకుపోయి ఏప్రిల్ 24న గానీ ఇల్లు చేరలేదు. తిండికి, వసతికి, దారిఖర్చులకు తనకు 1,129 యూరోలు అయ్యాయని రయాన్‌ఎయిర్ కంపెనీ మీద కేసు వేసింది. అగ్నిపర్వతానికి మేమెట్లా జవాబుదారీ అన్నది కంపెనీ. 2013 జనవరి 31న యూరప్ న్యాయస్థానం చెప్పిందేమిటంటే, జరిమానా లాంటి పరిహారం లేకపోవచ్చు గానీ, చిక్కుకున్న మనిషికి తిండీ వసతీ చూసే బాధ్యత మాత్రం పోదు, ఆపద ఎంత పెద్దదైనా పోదు, ఇన్ని రోజులనీ ఇంత సొమ్మనీ దానికి హద్దు లేదు, ఖర్చు న్యాయంగా అవసరమైనదై ఉంటే చాలు. ఆపద ఎంత పెద్దదైతే మనిషికి అన్నం అంత అవసరం అన్న మామూలు ఇంగితమే ఇది. మన దేశంలో విమానాల నిబంధన ఇంత దూరం రాలేదు. సమయానికి చెప్పకుండా రద్దు చేస్తే 5 వేల నుంచి 10 వేల దాకా ఇవ్వాలని ఉంది. ప్రకృతి వైపరీత్యం, ప్రభుత్వ ఉత్తర్వు లాంటివైతే ఆ పరిహారం లేదు. 2025 మేలో యుద్ధ వాతావరణంలో 32 విమానాశ్రయాలు మూసినప్పుడు జరిగింది అదే.

అయితే యూరప్‌ను చూసి మురిసిపోకండి. ఆ బూడిద కాలంలోనే కెన్యాలో నైవాషా సరస్సు ఒడ్డున గులాబీలు కోసే వేలమంది కూలీలను, విమానాలు లేవు, పూలు పోవు, ఇంటికి పొండి అన్నారు. కోసిన పూలు కుప్పలుగా పారబోశారు. విమానాశ్రయం మూసింది లండన్లో, పస్తు పడింది నైవాషాలో. వాళ్లు ఏ కోర్టుకు పోవాలి? వాళ్ల దగ్గర టికెట్టు లేదు.

అసలు కీలకం ఇదే, టికెట్టు. విమానం టికెట్టు మీద పేరుంటుంది, నంబరుంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది. రిజర్వేషను బోగీ టికెట్టుకూ అంతే, 2020లో రద్దయిన రైళ్లకు డబ్బు పూర్తిగా వాపసొచ్చింది. జనరల్ బోగీ టికెట్టుకు పేరుండదు. మేస్త్రీ లారీలో ఎక్కించుకుపోయిన కూలీకి టికెట్టే ఉండదు. గల్ఫుకు పోయే మనవాళ్ల సంగతి ఇంకో తీరు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి పోయే కూలీలు, కడప, కోనసీమ నుంచి ఇంటిపనులకు పోయే ఆడవాళ్లు విమానమే ఎక్కుతారు, టికెట్టు మీద పేరూ ఉంటుంది. కానీ కొన్నది ఏజెంటు. ఏజెంటు కొన్న టికెట్టు డబ్బు ఏజెంటు ద్వారానే వాపసు అన్నది 2020 తీర్పు. అప్పు చేసి లక్ష కట్టినవాడు ఇంట్లో, వాపసు సొమ్ము ఏజెంటు జేబులో. ఎంతమందికి చేరిందో మీ ఊళ్లో అడిగి చూడండి.

లెక్క ఉంటే సర్కారు ఎట్లా కదులుతుందో దానికీ ఉదాహరణ ఉంది. గుజరాత్‌లోని వెరావల్ రేవులో శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు నాలుగు వేలమందికి పైగా చిక్కుకుపోయారు. పడవల్లోనే ఉండిపోయారు. ఎవరు ఏ పడవలో ఉన్నారో పేర్లతో జాబితా ఉంది, ఊళ్లల్లో ఆడవాళ్లు అడగడం ఆపలేదు. 2020 ఏప్రిల్ చివర బస్సులు పెట్టి తెచ్చారు, మనిషికి 2 వేలు చేతికిచ్చారు. తెలంగాణలో వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు అన్నారు. జాబితాలో పేరున్నవాడికి అందింది. లేనివాడు మేడ్చల్ రోడ్డెక్కి ఉత్తరానికి నడిచాడు.

ఇంతకీ మన కూలీకి చట్టం ఏమీ ఇవ్వలేదా? ఇచ్చింది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చారు. పోను రాను చార్జీలు, ప్రయాణపు రోజులకు కూలి, ఊరు వదిలినందుకు నెల జీతంలో సగం భత్యం, ఫొటో అంటించిన పాసుపుస్తకం. పాలమూరు నుంచి ప్రాజెక్టు పనులకు పోయిన ఏ గుంపులో ఎవరి చేతిలో ఆ పాసుపుస్తకం ఉందో నేనైతే చూడలేదు. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్లు అమల్లోకొచ్చాయి, పాత చట్టం పోయింది. ఊరు వదిలినందుకిచ్చే భత్యం కొత్త కోడ్‌లో లేదు. పాత చట్టం ఐదుగురు వలస కూలీలున్న చోట వర్తించేది, కొత్తది పదిమంది ఉంటేనే. అది జరిగిన రెండు వారాలకే విమానాల గోల వచ్చింది. టీవీలు వారం రోజులు విమానాశ్రయాల దగ్గరే కాపురం పెట్టాయి. కూలీ భత్యం పోయిన సంగతి మీలో ఎంతమంది టీవీలో చూశారు?

అయినా కొత్త కోడ్‌లోనూ రెండు ముక్కలు మిగిలాయి. ఏడాదికోసారి సొంతూరికి పోను రాను చార్జీ యజమాని ఇవ్వాలి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. ఈ రెండూ అడగనిదే ఎవడూ ఇవ్వడు.

అన్నలారా, అక్కలారా, దసరా దాటగానే మేస్త్రీలు అడ్వాన్సు నోట్లతో మన పల్లెల్లోకి వస్తారు. ఈసారి వాళ్లొచ్చేలోగా ప్రతి మాలపల్లెలో, మాదిగపల్లెలో, తండాలో ఒక నోటుబుక్కు పెట్టండి. పోయే మనిషి పేరు, తండ్రి పేరు, పోయే ఊరు, మేస్త్రీ పేరు, పైన కంపెనీ పేరు, ఇచ్చిన అడ్వాన్సు, బయల్దేరిన తేదీ. పిల్లల్ని వెంట తీసుకుపోతుంటే వాళ్ల పేర్లు కూడా. మేస్త్రీతో సంతకం పెట్టించండి. పెట్టనంటే ఎవరి ముందు కాదన్నాడో ఆ ఇద్దరు సాక్షుల పేర్లు రాయండి. రాయను రానివాళ్లకు బడిపిల్లలు రాసిపెడతారు, మా బళ్లో పిల్లలు ఇప్పటికే మొదలుపెట్టారు. ఒక ప్రతి ఊళ్లో ఉండాలి, ఒకటి సంఘం దగ్గర, ఒకటి లేబర్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. 2020లో నడిచొచ్చినవాళ్లు, దారిలో పోయినవాళ్లు మీ ఊళ్లో ఎవరున్నారో అదే పుస్తకంలో వెనక పేజీల్లో రాయండి. లెక్క లేదన్నారు కదా, మనమే ఇద్దాం.